పాత జెన్‌కి ఏ ఇంజన్? ఉగాది నుంచి జూన్ దాకా నా డైరీ

మార్చి 30, 2025, ఉగాది. ఓడోమీటరు 1,48,212

పచ్చడి తిన్నాక గుడికి వెళ్దామని కారు బయటికి తీశాను. వీధి మలుపులో రెండో గేరు వేసి కాలు నొక్కగానే వెనక నీలం పొగ. ఎదురింటాయన స్కూటరు ఆపి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పండగ పూట ఇంకేమీ అనలేదు, అదే ఎక్కువ.

కారు 1998 మోడల్ మారుతి జెన్, కార్బురేటర్‌ది. నాన్న బీఈఎల్‌లో (భారత్ ఎలక్ట్రానిక్స్) ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నారు, కేఏ-04 నంబరు. మా ఇల్లు బెంగళూరు విద్యారణ్యపుర. రిటైరయ్యాక నాన్న పెద్దగా తీయలేదు కానీ కారు మాత్రం ఎప్పుడూ ఆగలేదు. ఈ ఏడాది దీన్ని సరిగ్గా బాగు చేయాలని నిర్ణయం. పొగ ఒక్కటే అయితే ఇంత ఆలోచించను. మూడో గేరు కూడా పడేటప్పుడు కర్రుమంటోంది. అంటే ఇంజనూ గేర్ బాక్సూ రెండూ ఒకేసారి దిగాలి. రెండూ దిగుతున్నప్పుడు ఎవరికైనా వచ్చే పాడు బుద్ధే నాకూ వచ్చింది: అదే పెట్టడం ఎందుకు, ఇంకాస్త పెద్దది పెడితే పోలా?

సాయంత్రం నాన్న బీరువాలోంచి ఎర్ర అట్ట నోటుబుక్కు తీసిచ్చారు. 1998 నుంచి పోసిన ప్రతి పెట్రోలూ, ప్రతి ఆయిలూ అందులో ఉంది. మొదటి రెండేళ్లలో సగటు లీటరుకి 17 కిలోమీటర్లు. 2021 నుంచి "ఇంజన్ ఆయిల్ అర లీటరు" అన్న ముక్క వెయ్యి కిలోమీటర్లకోసారి కనిపిస్తుంది. నిరుడు దసరా నుంచి అయిదు వందలకోసారి. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంతకన్నా మంచి కేసు షీటు ఎవరి దగ్గరుంటుంది?

ఏప్రిల్ 5, శనివారం. కంప్రెషన్ టెస్టు

ఎం.ఎస్. పాళ్యలో ఒక హిందూపురం మేస్త్రి ఉన్నాడు. పాత మారుతీలు తప్ప ఇంకోటి ముట్టుకోడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సామీ అంటాడు.

ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ విప్పి, కాలు పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాం. ఒక్కో సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుడు పడుతోందో గేజి చెబుతుంది. వచ్చినవి ఇవి: ఒకటో సిలిండరు 162, రెండు 158, మూడు 116, నాలుగు 160 పీఎస్‌ఐ.

పుస్తకంలో ఈ ఇంజన్‌కి 199 ఉండాలి, 170కి తగ్గకూడదు. సిలిండర్ల మధ్య తేడా 14 దాటకూడదు. ఆ లెక్కన నాలుగూ పోయినట్టే అని నా గుండె జారింది. మేస్త్రి నవ్వాడు. "సముద్రం ఒడ్డున తీసిన లెక్క సామీ అది. మనూరు ఎంత ఎత్తులో ఉండాది?" నిజమే. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే పదో వంతు తక్కువ కాబట్టి లోపల నొక్కుడు పడేదీ అంత తక్కువే. అంటే 199 ఇక్కడ 180 దగ్గర. 160 అంటే ముసలిదే, మంచంపట్టలేదు. అసలు రోగం మూడోదానిది.

ఆ సిలిండర్లో ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాం. 116 కాస్తా 148కి ఎగిరింది. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి సందు మూసింది కాబట్టి పెరిగింది. అంటే తప్పు పిస్టన్ చుట్టూ ఉండే రింగులదో, బోరుదో (సిలిండరు లోపలి గోడ). వాల్వు సరిగా కూర్చోకపోతే ఆయిల్ పోసినా పెద్దగా పెరగదు. పొగ కూడా అదే చెబుతోంది. కాలు నొక్కినప్పుడు వచ్చే నీలం పొగ రింగులది. దిగువలో కాలు తీసి మళ్లీ నొక్కినప్పుడు భుక్కుమనేది వాల్వు సీళ్లది. మాది మొదటి రకం, కొంచెం రెండోది కూడా.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి. ఏం పెట్టొచ్చు?

వీధిలో పానకం, కోసంబరి పంచుతున్నారు. నేను మేడ మీద కాగితం ముందేసుకుని కూర్చున్నాను. వారమంతా చదివినదీ మేస్త్రిని విసిగించి రాబట్టినదీ ఇక్కడ రాసుకుంటున్నాను.

మొదట ఉన్నదేంటో. జెన్ 1993లో వచ్చినప్పటి నుంచీ ఇదే జీ10బీ ఇంజన్. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం బ్లాకు, 50 బీహెచ్‌పీ. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 72 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 61. బోరు కంటే స్ట్రోక్ ఇంత పొట్టి కాబట్టే దానికి తిరగడమంటే ఇష్టం. కింద నిద్రపోతుంది, పైన పాడుతుంది. జెన్ నడిపినవాళ్లకి ఆ పాట తెలుసు. ఐదు గేర్లు.

అందరూ చెప్పేది ఎస్టీమ్ ఇంజన్. 1298 సీసీ, బోరు 74, స్ట్రోక్ 75.5. తర్వాత వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటరు బదులు కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మేది) అయితే 85 బీహెచ్‌పీ. ఇదీ జీ కుటుంబమే కాబట్టి కొత్త చుట్టంలా కాక తోడల్లుడిలా ఇమిడిపోతుందంటారు. ఏడున్నర క్వింటాళ్లకు అటూ ఇటూ ఉండే కారులో 85 గుర్రాలు! కాలేజీ రోజుల్లో ఒక సీనియర్ దగ్గర ఇలాంటిది ఎక్కాను. యలహంక రోడ్డు మీద మూడో గేర్లో వీపు సీటుకి అతుక్కున్న సంగతి ఇప్పటికీ గుర్తుంది. కానీ ఇంజనొక్కటే తెస్తే చాలదు. ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు), దాని వైరింగు మొత్తం, పెట్రోలు ట్యాంకులో పంపు, ప్రెషర్ తట్టుకునే లైను, పెద్ద రేడియేటరు, ఇంజన్‌కి తగిన క్లచ్చూ గేర్ బాక్సూ, బాక్సుకి తగిన యాక్సిళ్లు. ఆ తర్వాత బ్రేకులు. ముందు డిస్కు, వెనక డ్రమ్ము, అదీ 50 గుర్రాల కోసం వేసినవి.

రెండోది, ఇదే జెన్‌కి తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ ఇంజన్, 60 బీహెచ్‌పీ. ఇది కాస్త బుద్ధిమంతుడి కోరిక. వైరింగు బాధ మాత్రం అంతే.

డీజిల్ జెన్ కూడా ఉండేది. ఎస్టీమ్ డీజిల్‌కి వాడిన పెజో వాళ్ల 1527 సీసీ ఇంజనే దానికీ. మైలేజీకి మహారాజు. ముక్కు బరువు, చప్పుడు. ఇంధనం మారితే అది ఇంకో కథ. వద్దు.

కొత్త కాలం కే10బీ. 998 సీసీ, మూడే సిలిండర్లు, బెల్టు కాకుండా టైమింగ్ చైను. ఆల్టో కే10, వేగన్ ఆర్ యాక్సిడెంటు బండ్లవి బాగానే దొరుకుతాయి. దాని ఈసీయూ తాళం చెవిలోని చిప్పుని అడుగుతుంది. ఇంజన్‌తో పాటు ఆ బండి తాళం సెట్టూ కావాలి. 1998 కారులోకి 2010ల మెదడుని దింపడం నా వల్లా మేస్త్రి వల్లా కాదు.

ఇక గేర్ల సంగతి. పీణ్యా నుంచి హెబ్బాళ దాకా ఒకసారి సాయంత్రం ఆరింటికి నడిపితే ఎడమ కాలే ఆటోమేటిక్ కొనమని అర్జీ పెడుతుంది. జెన్‌కి ఆటోమేటిక్ వచ్చింది, మూడు గేర్లది. పట్టణంలో హాయి. హైవే మీద మూడో గేరుతోనే అంతా లాగాలి కాబట్టి ఇంజన్ అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది. దాని సామాన్లు వెతకడం కంటే పిల్ల సంబంధం వెతకడం సులువని మేస్త్రి మాట. 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీని ఇందులో పెట్టగలమా అనీ అడిగాను. క్లచ్చు నొక్కే మోటారు, గేరు మార్చే మోటారు, వాటికి చెప్పే కంప్యూటరు, దానికి ఇంజన్ ఎంత తిరుగుతోందో చెప్పే సెన్సర్లు. మన కార్బురేటరు ఇంజన్‌కి చెప్పే నోరే లేదు.

కాగితం చివర ఎస్టీమ్ పేరు కింద రెండు గీతలు గీసి పడుకున్నాను.

ఏప్రిల్ 12, శనివారం. శివాజీనగర్

పాత సామాన్లు అమ్మే గుజరీకి వెళ్లాం. ఇక్కడ ఇంజన్లు "హాఫ్", "ఫుల్" అని అమ్ముతారు. హాఫ్ అంటే బ్లాకూ హెడ్డూ. ఫుల్ అంటే చుట్టూ ఉన్నవన్నీ కలిపి. ఒక షెడ్డులో ఎస్టీమ్ ఫుల్ ఇంజన్ ఒకటి కనబడింది. వైరింగు కోయకుండా విప్పారు, ఈసీయూ ఉంది. ధర కూడా దిగొచ్చింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతుంటే మేస్త్రి వంగి బ్లాకు మీద నంబరు కొట్టిన చోట వేలితో రుద్దాడు. అక్కడ గ్రైండింగు పట్టినట్టు నున్నగా ఉంది. నంబరు లేదు.

ఏమీ మాట్లాడకుండా బయటికి నడిచాడు. టీ తాగుతూ చెప్పాడు: "ఎత్తుకొచ్చి కూచోబెట్టేది రెండు దినాల పని సామీ. కాగితం ఎవురు చేసిస్తారు? రేపు ఏదన్నా అయితే ఆ నంబరు ఏదని అడుగుతారు. పెద్దాయన పేరు మీద గదా బండి."

ఏప్రిల్ 17. ఆర్‌టీఓ

సెలవు పెట్టి యశవంతపుర ఆర్‌టీఓకి వెళ్లాను. రెండు గంటలు నిలబడితే రెండు నిమిషాల్లో తేలింది. ఆర్‌సీలో ఇంజన్ నంబరూ, సీసీ, ఇంధనం రాసి ఉంటాయి. వాటిలో ఏది మారినా ఆఫీసుకి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే రకం ఇంజన్ బిల్లుతో, నంబరుతో వస్తే నమోదు చేయించుకునే దారి ఉంది. 993 తీసి 1298 పెడతానంటే మాత్రం కౌంటరు వెనక మనిషి నా వంక జాలిగా చూశాడు.

పైగా పదిహేనేళ్లు దాటిన కారు కాబట్టి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. 2013, 2018, 2023 అయిపోయాయి. 2023లో కట్టేటప్పటికి ఫీజు 600 నుంచి 5,000 అయ్యిందని నాన్న నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాశారు. మళ్లీ 2028లో ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి నంబరు చూస్తాడు. ఆ రోజు ఏం చెప్పాలి?

ఇన్సూరెన్సు సంగతి ఆలోచిస్తే ఇంకా టెన్షన్. ఎవరికైనా దెబ్బ తగిలి క్లెయిము పెడితే, ఇంజన్ వేరే అని తేలితే?

బస్సులో తిరిగొస్తూ లెక్క తిరగేసుకున్నాను. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది గుర్రాల సంఖ్య. చూడాల్సింది బ్లాకు మీది సంఖ్య. ఆర్‌సీకి తెలిసింది ఆ బ్లాకొక్కటే. పిస్టన్లు, హెడ్డు, కార్బురేటరు, క్లచ్చు, గేర్ బాక్సు వీటికి ఆర్‌సీలో గడి లేదు. అయితే బ్లాకు ఉంచుకుని మిగతాదంతా కొత్తగా చేద్దాం.

ఏప్రిల్ 26. ఇంజన్ దించాం

చైన్ బ్లాకుతో ఇంజనూ బాక్సూ కలిపే పైకి తీశాం. అల్యూమినియం బ్లాకు కాబట్టి ఇద్దరం సులువుగా పక్కకి జరపగలిగాం. హెడ్డు ఎత్తగానే మూడో సిలిండర్లో నిలువు గీత. రింగు ఒకటి రెండు ముక్కలు.

మే 3. లేత్

జేసీ రోడ్డు వెనక సందులో లేత్ షాపు. బోరు గేజితో పైనా మధ్యనా కిందా, అడ్డంగా నిలువుగా కొలిచారు. మూడోది పైన వెడల్పు, కింద ఇరుకు. గ్లాసులా తయారైంది. అల్యూమినియం బ్లాకు బోరు కొట్టించొచ్చా అని నాకు అనుమానం ఉండేది. లోపల ఉన్నవి ఇనుప లైనర్లే కాబట్టి భయం లేదు. బోరు 0.25 మిల్లీమీటర్లు పెంచితే గీత పోదన్నారు. 0.50 పెంచి, దానికి తగిన పెద్ద సైజు పిస్టన్లు వెయ్యాలి.

ఇంటికొచ్చి లెక్క వేశాను. బోరు 72 నుంచి 72.5 అయితే ఇంజన్ 993 నుంచి 1007 సీసీ అవుతుంది. ఎస్టీమ్ కల అలా పద్నాలుగు సీసీల మేర తీరింది. రిపేరులో బోరు సైజు పెరగడం అందరికీ జరిగేదే కాబట్టి ఇందులో దొంగతనమేమీ లేదు. అయినా నాన్నకి చెబితే ముసిముసిగా నవ్వుకున్నారు.

సైజు పిస్టన్లు మూడు షాపులు తిరిగినా దొరకలేదు. ఒకాయన ఆర్డరు తీసుకుని "గురువారం" అన్నాడు. ఏ గురువారమో చెప్పలేదు. (తర్వాత చేర్చింది: అవి వచ్చేసరికి మే 15 అయింది.)

మే 10, శనివారం. గేర్ బాక్సు

పిస్టన్ల కోసం ఎదురు చూస్తూ బాక్సు పని. మా బాక్సు డ్రెయిన్ నట్టు విప్పి కారిన ఆయిల్ వేళ్ల మధ్య రుద్దితే ఇత్తడి తళుకు. సింక్రో రింగు అరిగిన పొడి అది. గేరు పడేటప్పుడు రెండు చక్రాల వేగాన్ని కలిపేది ఆ ఇత్తడి రింగే. మునుపెవరో జీఎల్-5 రకం గేరు ఆయిల్ పోసినట్టు నాన్న నోటుబుక్కు చెబుతోంది, 2016లో. వెనక డిఫరెన్షియల్ ఉన్న బండ్లకి అది మంచిదే. ఇత్తడి సింక్రోలున్న చిన్న కారు బాక్సుకి జీఎల్-4 పోయాలి. జీఎల్-5లో ఎక్కువ మోతాదులో ఉండే గంధకపు మందు ఇత్తడికి సరిపడదు, రింగు పట్టు కూడా జారుతుంది. తొమ్మిదేళ్లు మూడో గేరు ఆ ఆయిల్లోనే ఏడ్చింది.

సామాన్ల కోసం మళ్లీ గుజరీ. "జెన్ బాక్సే, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు షెడ్డువాడు. కళ్లు తెరిచే చూశాం. రెండు బాక్సుల లోపలి పళ్ల లెక్క ఒకటేనా అని తేల్చే ఈ పద్ధతి మాత్రం ఎవరైనా రాసి పెట్టుకోవాలి.

బాక్సుని అయిదో గేర్లో పెట్టి, ఒక వైపు యాక్సిల్ కదలకుండా బిగించి పట్టుకోవాలి. రెండో వైపు సుద్దతో గీత పెట్టి, ఇన్‌పుట్ షాఫ్టుని (ఇంజన్ వైపు కడ్డీ) సరిగ్గా పది చుట్లు తిప్పి, గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఒక వైపు ఆపినప్పుడు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ తిప్పుడు పంచే పళ్ల అమరిక) వల్ల రెండో వైపు రెట్టింపు తిరుగుతుంది, అందుకే చిన్న తేడా కూడా పెద్దగా కనబడుతుంది. మా బాక్సు లెక్క పొద్దున్నే తీసి అరచేతిలో రాసుకున్నాను. వాడి బాక్సు అంతకంటే ముప్పావు చుట్టు తక్కువ తిరిగింది. పై డొక్కు ఒకటే కానీ లోపల పళ్లు వేరు. అది పెడితే ఎత్తుల్లో లాగుడు బాగుంటుంది, హైవేలో 80కి ఇంజన్ గొంతు చించుకుంటుంది. సగం ఊరి ట్రాఫిక్కులో బతికేవాడికి అదీ ఒక ఎంపికే అనిపించింది ఒక్క క్షణం. మాకు నెలకోసారి ప్రొద్దుటూరు ప్రయాణం ఉంది. వద్దనుకున్నాం.

నాలుగో షెడ్డులో లెక్క కుదిరింది. దాన్ని అలాగే పెట్టకుండా, అందులోంచి మంచి సింక్రో రింగులు తీసి మా బాక్సులో వేసి, బేరింగులు కొత్తవి కొన్నాం.

మే 24. స్టార్ట్

హెడ్డు వాల్వులు గ్రైండ్ చేయించి, కొత్త సీళ్లు, కొత్త టైమింగ్ బెల్టు, ప్యాకింగులన్నీ కొత్తవి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు కొత్తవి. అయిదో సెల్ఫుకి అందుకుంది. కాసేపు పొగ, అది సిలిండర్లకి రాసిన ఆయిలే. తర్వాత ఏమీ లేదు. మేస్త్రి కుర్రాడు చెవి పెట్టి విని బొటనవేలు చూపించాడు.

మే 25. నా పిసినారితనం

క్లచ్ నొక్కితే కీచుమని అరుపు. తెల్లారి పాలవాడు కూడా ఆగి చూసేంత. నొక్కినప్పుడు క్లచ్చుని తోసే రిలీజ్ బేరింగుది ఆ అరుపు. ప్లేట్లు కొన్న రోజు "ఇది కూడా వెయ్యాల సామీ" అని మేస్త్రి అంటే, చేత్తో తిప్పి "బాగానే తిరుగుతోంది కదన్నా" అన్నది నేనే. చేత్తో తిప్పితే బాగానే తిరుగుతుంది. బరువు పడితే కదా తెలిసేది. అయిదు వందల లోపు వస్తువు మిగుల్చుకుని, మళ్లీ బాక్సు దించే కూలీ ఇచ్చుకున్నాను. మేస్త్రి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మే 31. బాక్సు మళ్లీ దిగింది, ఎక్కింది. నిశ్శబ్దం.

జూన్ 7

పొగ సర్టిఫికెట్టు తీశాను. భారత్ స్టేజ్-2 పొగ ప్రమాణాలకు ముందు తరం పెట్రోలు కార్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాకా ఉండొచ్చు. మునుపు ఆ పరిమితి అంచునే ఉండేవాళ్లం. ఈసారి రెండూ సగం కూడా లేవు.

జూన్ 15, ఆదివారం. ఓడోమీటరు 1,49,260

మొదటి వెయ్యి కిలోమీటర్లు అరవై దాటలేదు. ఒకే వేగంలో ఎక్కువసేపు పోలేదు, మొదటి ఆయిల్ తీసేశాను. అందులో సన్నటి మెరుపు ఉంది, కొత్త రింగులు కూర్చునేటప్పుడు మామూలే. ఈరోజు పొద్దున నంది కొండ ఎక్కించాను. పై మలుపుల్లో రెండో గేరు, ఒకచోట మొదటిది. యాభై గుర్రాల్లో ఇక్కడి పలుచటి గాలికి పదో వంతు పోతుంది, కొండ మీద ఇంకొంచెం. ఎస్టీమ్ అయితే మూడో గేర్లో ఎక్కేసేది. అనుకోకుండా ఉండలేను కదా.

తిరిగొస్తూ గ్యారేజీలో మళ్లీ గేజి పెట్టాం. 178, 176, 177, 174.

సగటు ఇంకా 14 దగ్గరే ఉంది. కార్బురేటరు ఐడిల్ జెట్టు శుభ్రం చేయించాలి, ఛోక్ కేబులు కాస్త బిగుసుకుపోయింది. ఎడమ యాక్సిల్ సీలు దగ్గర గేరు ఆయిల్ చెమ్మ కనబడుతోంది. అది పాత తుడుపో కొత్త లీకో తేల్చడానికి ఇప్పుడే కారు కింద అట్టముక్క పరిచి వచ్చాను. పొద్దున చూడాలి.